ఇంట్లో కొత్త డ్రైవరు, రెట్టింపైన కారు బీమా: నిజం చెప్పి ఖర్చు తగ్గించుకునే దారి ఉందా?

వెన్నెలబాట

అందరికీ నమస్కారం. మేము విదేశంలో ఉంటున్నాం. మా అమ్మాయికి 17 ఏళ్లు నిండాయి, కిందటి వారమే లైసెన్సు చేతికి వచ్చింది. ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి నేను రోజూ ఉద్యోగానికి తీసుకువెళ్లేది, రెండోది బాగా పాతబడిన చిన్న కారు. నేనూ నా భార్యా 18 ఏళ్లుగా బీమా కడుతున్నాం, ఇంతవరకు ఒక్క క్లెయిము కూడా పెట్టలేదు. అమ్మాయి పేరు పాలసీలో చేర్చమని కంపెనీకి ఫోన్ చేస్తే ఏడాది ప్రీమియం దాదాపు రెట్టింపు అవుతుందన్నారు. పోనీ, పాత కారుకు ఆమె పేరు మీదే విడిగా పాలసీ తీసుకుందామంటే, ఆ ఒక్క పాలసీకి చెప్పిన మొత్తం మా ఇద్దరి ప్రీమియం కన్నా ఎక్కువ. ఆ కారు అమ్మితే వచ్చే డబ్బు రెండేళ్ల ప్రీమియానికి కూడా సరిపోదు.

దగ్గరి బంధువు ఒకాయన, "కారు నీ పేరు మీదే ఉంది కదా, ఎక్కువగా నడిపేది నువ్వేనని రాసేయి, అమ్మాయిని అప్పుడప్పుడు నడిపే మనిషిగా చూపించు, అందరూ చేసేది అదే" అని సలహా ఇచ్చారు. నిజానికి ఆ కారును రోజూ కాలేజీకి తీసుకువెళ్లేది అమ్మాయే. ఆ సలహా నాకు మనస్కరించడం లేదు, అలాగని ఈ ఖర్చు మాకు చిన్నదీ కాదు. ఈ దశ దాటివచ్చిన తల్లిదండ్రులు, బీమా పని తెలిసినవారు దయచేసి దారి చూపండి.

పాత సర్వేయరు

వెన్నెలబాట గారూ, మీ మనసు ఒప్పుకోకపోవడమే మంచిదైంది. ప్రమాదం జరిగిన కార్లను పరిశీలించి నివేదికలు రాసే పనిలో నేను చాలా ఏళ్లు గడిపాను. మీ బంధువు చెప్పిన పద్ధతికి బ్రిటన్‌లో ఫ్రంటింగ్ అనే పేరు ఉంది, అక్కడ దాన్ని మోసంగానే లెక్కిస్తారు. రోజూ నడిపేది పిల్లలైతే ప్రధాన డ్రైవరుగా రాయవలసింది వారి పేరే. తల్లి పేరో తండ్రి పేరో ముందు పెట్టి తక్కువ ప్రీమియం కట్టడం పైకి చిన్న అబద్ధంలా కనిపిస్తుంది గానీ, పాలసీ మొత్తం నిలబడేది ఆ ఒక్క జవాబు మీదే.

"ఎవరికి తెలుస్తుంది?" అని చాలామంది అనుకుంటారు. నేను ప్రమాదానికి గురైన కారు తలుపు తీయగానే మొదట చూసేది డ్రైవరు సీటు. ఆరడుగుల తండ్రి రోజూ నడుపుతున్నానని చెప్పిన కారులో సీటు స్టీరింగుకు ఆనుకునేంత ముందుకు జరిగి ఉంటుంది, లోపలి అద్దం పొట్టివారి కంటికి సరిపోయేలా కిందికి వంగి ఉంటుంది, వెనక సీటులో కాలేజీ పుస్తకాలుంటాయి. ఆపైన కారు ఏ వేళల్లో ఎక్కడ ఆగి ఉంటుందో పక్కింటివారు చెబుతారు, కాలేజీ పార్కింగు అనుమతి చీటీ చెబుతుంది. నేను ఎవరినీ ఉచ్చులో వేయలేదు, కనిపించినది కనిపించినట్టు రాశాను. ఆ రాతతో కుంగిపోయిన కుటుంబాలను చూశాను కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను.

చట్టం ఎలా పనిచేస్తుందో కూడా తెలుసుకోండి. బ్రిటన్‌లో వినియోగదారుల బీమా గురించి 2012లో వచ్చిన చట్టం తప్పు సమాచారాన్ని రెండు రకాలుగా విడదీస్తుంది. అజాగ్రత్త వల్ల తప్పు దొర్లితే, కట్టవలసిన ప్రీమియంలో ఎంత వంతు కట్టారో క్లెయిములోనూ అంత వంతే ఇచ్చే హక్కు కంపెనీకి ఉంటుంది. అంటే సగం ప్రీమియం కట్టినవారికి నష్టంలో సగమే దక్కవచ్చు. తెలిసి తెలిసి దాచితే పాలసీని మొదటినుంచీ లేనట్టుగా రద్దు చేయవచ్చు. ఎదుటివారికి జరిగిన నష్టాన్ని కంపెనీ చెల్లించక తప్పకపోయినా, ఆ డబ్బును తరవాత మీ దగ్గర వసూలు చేసుకోగలదు. ఇతర దేశాల్లో వివరాలు వేరుగా ఉండవచ్చు, అయితే అడిగిన ప్రశ్నకు నిజం చెప్పాలన్నది బీమా ఉన్న ప్రతిచోటా మూలసూత్రమే.

ఇద్దరు బిడ్డల తల్లి

పాత సర్వేయరు గారు చెప్పినది మా ఇంట్లో జరిగింది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు మాది. మా పెద్దవాడికి అప్పుడు 19 ఏళ్లు. పాలసీలో నా పేరు, మా వారి పేరు మాత్రమే ఉన్నాయి. వాడిని చేర్చితే భారం పెరుగుతుందని, "వచ్చే ఏడాది చూద్దాం" అని రెండేళ్లు వాయిదా వేశాము. ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. వాడి గొంతు వినగానే ప్రాణాలు లేచి వచ్చాయి, మాట్లాడుతున్నాడు కాబట్టి బతికే ఉన్నాడని. ఆగి ఉన్న వాహనాన్ని వెనకనుంచి గుద్దాడు, అందులో ఉన్న ఆయన మెడకు దెబ్బ తగిలింది.

మరునాడు కంపెనీవారు అడిగిన రెండో ప్రశ్న, "మీ అబ్బాయి ఈ కారును వారంలో ఎన్ని రోజులు నడుపుతాడు?" అని. అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా కారు మరమ్మతు ఖర్చు ఇవ్వలేదు. గాయపడిన ఆయనకు చెల్లించిన మొత్తాన్ని మా దగ్గర రాబట్టుకున్నారు, వాయిదాలు తీరడానికి మూడేళ్లు పట్టింది. అంతటితో ఆగలేదు. ఏ కంపెనీ దగ్గరకు వెళ్లినా దరఖాస్తులో "గతంలో మీ పాలసీని ఎవరైనా రద్దు చేశారా?" అనే ప్రశ్న ఉంటుంది. "అవును" అని రాసిన ప్రతిసారీ ప్రీమియం పెరిగింది, రెండు చోట్ల అసలు ఇవ్వమన్నారు. మేము మిగిల్చామనుకున్న రెండేళ్ల డబ్బు ఆ మొదటి వాయిదాకే సరిపోయింది.

వెన్నెలబాట గారూ, మీరు ఆ పని చేయకండి. ఇంతకన్నా ఏమీ చెప్పలేను.

లెక్కల బల్ల

నేను బీమా రేట్లు లెక్కగట్టే విభాగంలో పనిచేస్తాను. ఈ రెట్టింపు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే, దానిలో ఏ భాగాన్ని తగ్గించుకోవచ్చో కూడా తెలుస్తుంది.

అమెరికా గణాంకాల ప్రకారం, నడిపిన ప్రతి మైలుకూ లెక్క వేస్తే, 20 ఏళ్లు దాటినవారితో పోలిస్తే 16 నుంచి 19 ఏళ్లవారు ప్రాణనష్టం జరిగే ప్రమాదంలో పడే అవకాశం దాదాపు మూడు రెట్లు. రేటు పెరగడానికి మీ పాత కారు విలువ కారణం కాదు. గీతలు పడిన తలుపుకు, పగిలిన దీపానికి అయ్యే ఖర్చుకు ఒక హద్దు ఉంటుంది, ఎందుకంటే అది కారు ధరను మించదు. ఎదుటి వాహనంలోని మనిషికి వెన్నెముక దెబ్బతింటే అయ్యే వైద్యానికి, జీవితాంతం పోగొట్టుకున్న సంపాదనకు అలాంటి హద్దు లేదు. పిల్లలకు చవకైన కారు కొనిచ్చినా ప్రీమియం చవక కాకపోవడానికి కారణం ఇదే.

అయితే వయసుకు ఇంత బరువు ఇవ్వడం అన్నిచోట్లా ఒకేలా లేదు. అమెరికా రాష్ట్రమైన హవాయిలో వయసును, స్త్రీపురుష భేదాన్ని, ఎన్నేళ్లుగా నడుపుతున్నారనే విషయాన్ని రేటులోకి తీసుకోకూడదు. కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లు ఆమోదించిన 103వ ప్రతిపాదన ప్రకారం డ్రైవింగు చరిత్ర, ఏడాదికి నడిపే మైళ్లు, అనుభవ సంవత్సరాలు ఈ మూడింటికే ముందు వరుస. అక్కడ 2019 నుంచి స్త్రీ, పురుషుడు అనే తేడాతో రేటు వేయడమూ లేదు. ఐరోపా న్యాయస్థానం 2011 మార్చి 1న ఇచ్చిన తీర్పుతో, 2012 డిసెంబరు 21 నుంచి ఐరోపా కూటమి దేశాల్లో కొత్త పాలసీలకు ఈ తేడా చూపడం ఆగిపోయింది. అంతకు ముందు అమ్మాయిలకు ప్రీమియం తక్కువగా ఉండేది. భారతదేశంలో థర్డ్ పార్టీ ప్రీమియంను, అంటే ఎదుటివారి నష్టానికి కట్టే భాగాన్ని, ప్రభుత్వమే ఇంజను సామర్థ్యాన్ని బట్టి నిర్ణయిస్తుంది, నడిపేవారి వయసు అందులోకి రాదు. బండిని చూసి వేసే రేటుకు అలవాటు పడిన తల్లిదండ్రులకు మనిషిని చూసి వేసే రేటు అన్యాయంలా తోచడం సహజం. నా మట్టుకు, అనుభవానికి బరువు ఇవ్వడం సబబే గానీ, పుట్టుకతో వచ్చినదానికి ఇవ్వడం సబబు కాదనిపిస్తుంది.

కొత్త లైసెన్సు

నాకు 20 ఏళ్లు. పెద్దలందరి మాటలు చదివాను. నేను రెండేళ్లుగా నడుపుతున్నాను, ఒక్క జరిమానా కూడా లేదు. నా వయసువారిలో ఎవరో వేగంగా నడిపినందుకు నేను ఎందుకు కట్టాలి అనే బాధ నాకూ ఉంది. ఆ బాధ నిజమైనదేనని లెక్కల బల్ల గారు కాదనరు అనుకుంటాను.

నాకు ఉపయోగపడినది కారులో అమర్చే చిన్న పరికరం. కొన్ని కంపెనీలు దాని బదులు ఫోన్‌లో యాప్ ఇస్తాయి. వేగం, గట్టిగా వేసిన బ్రేకులు, మలుపుల్లో కారు ఎంత ఒరుగుతున్నది, ఏ వేళల్లో నడుపుతున్నాము అన్నీ అందులో నమోదవుతాయి. మొదటి నెల నా మార్కులు చాలా తక్కువగా వచ్చాయి. మా అమ్మా నేనూ కూర్చుని, నడిపిన దారులు చూపే పటం తెరిచి చూస్తే, గట్టి బ్రేకుల గుర్తులలో ఎక్కువ భాగం ఒకే చోట, మా వీధి చివర నాలుగు రోడ్ల కూడలికి ముందు పడి ఉన్నాయి. మరునాడు ఇద్దరమూ నడుచుకుంటూ వెళ్లి చూశాము. అక్కడ ఆగమని చెప్పే బోర్డు చెట్టుకొమ్మ వెనక సగం దాగి ఉంది. అది కనిపించేసరికి నేను కూడలికి బాగా దగ్గరైపోతున్నాను. ఆ నెలంతా నేను ప్రతి ఉదయం ఎంత ప్రమాదం మీదుగా వెళ్లానో అప్పుడు అర్థమైంది. కూడలికి చాలా ముందే కాలు యాక్సిలరేటరు మీదనుంచి తీయడం అలవాటు చేసుకున్నాను. మార్కులు పెరిగాయి, తరవాతి ఏడాది ప్రీమియం తగ్గింది.

తూర్పుగాలి

పరికరం మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. చేరే ముందు షరతులు పూర్తిగా చదవండి. కొన్ని కంపెనీలు ఆ వివరాలతో తగ్గింపు మాత్రమే ఇస్తాయి, కొన్ని ప్రీమియం పెంచడానికి కూడా వాడతాయి. ఆ సమాచారం ఎవరి చేతికి వెళుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది అనేది పిల్లలకూ తెలియాలి. పెద్దవాళ్లు పెట్టించిన నిఘా అని పిల్లలు అనుకుంటే, ఫోన్ ఇంట్లో వదిలి కారు తీసుకుపోతారు.

కొత్త లైసెన్సు

తూర్పుగాలి గారూ, ఆ మాట నిజం. మా అమ్మ నన్ను ముందుగా అడిగింది, నివేదికను నేను చూపిస్తేనే చూసింది. అందుకే నాకు అది బరువుగా అనిపించలేదు.

పక్క సీటు మాస్టారు

నేను డ్రైవింగు నేర్పుతాను. ప్రీమియం గురించి నాకు తెలిసినది తక్కువ, కానీ ప్రీమియం పెరగడానికి కారణమైన పిల్లల పక్కన రోజూ కూర్చుంటాను.

కొత్తగా నేర్చినవారి చూపు ఎక్కడుంటుందో గమనించండి. బానెట్‌కు కాస్త ముందు రోడ్డు మీద ఉంటుంది. అనుభవం ఉన్నవారి చూపు దూరంగా వెళ్లి, అద్దాల మీదికి వచ్చి, పక్క సందుల్లోకి పోయి, మళ్లీ దూరానికి చేరుతుంది. ఆగి ఉన్న బస్సు కింద పరుగెత్తే కాళ్లు కనిపిస్తే వారి పాదం తనంతట తానే బ్రేకు మీదికి వెళుతుంది. కొత్తవారు బస్సును మాత్రమే చూస్తారు. ఎదురుగా వచ్చే వాహనాల వరసను దాటి తిరగవలసిన మలుపులో, వచ్చే బండి ఎంత దూరంలో ఉందో చూస్తారు గానీ ఎంత వేగంతో వస్తున్నదో అంచనా వేయలేరు. ఇవి గంటల తరబడి నడిపితే తప్ప అబ్బవు, పరీక్ష పాసైన రోజునే రావు. ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి కొద్ది నెలల్లోనే ప్రమాదాలు ఎక్కువగా ఉండి, తరవాత వేగంగా తగ్గిపోతాయని పరిశోధనలు కూడా చెబుతున్నాయి.

అందుకే న్యూజిలాండ్ 1987లోనే అంచెలంచెల లైసెన్సు పద్ధతి తెచ్చింది. అక్కడ రెండో అంచెలో ఉన్నవారు రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ఒంటరిగా నడపకూడదు, అనుభవజ్ఞులు పక్కన లేకుండా స్నేహితులను ఎక్కించుకోకూడదు. ఆ తరవాత చాలా దేశాలు, అమెరికా రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి. మీరున్న చోట అలాంటి చట్టం లేకపోయినా మీ ఇంట్లో ఆ నియమం పెట్టుకోవచ్చు. కారులో తోటి వయసు పిల్లలు ఒకరు, ఇద్దరు, ముగ్గురు అని పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. రాత్రి, వాన, నిండుగా స్నేహితులు, ఈ మూడూ కలిసిన ప్రయాణానికి మొదటి ఏడాది తాళం ఇవ్వకండి. నేర్పించే రోజుల్లో మాత్రం రాత్రీ వానా రెండూ మీ పక్కన కూర్చుని చూపించండి. చాలామంది తల్లిదండ్రులు లైసెన్సు రాగానే పక్క సీటు ఖాళీ చేస్తారు. ఆ తరవాత మూడు నెలలైనా వారానికి రెండు రోజులు అక్కడ కూర్చోమని ప్రతి ఇంటికీ చెబుతాను.

వెన్నెలబాట

మీ అందరి జవాబులు రాత్రి నా భార్యా, అమ్మాయీ, నేనూ కలిసి చదివాము. ఇద్దరు బిడ్డల తల్లి గారి అనుభవం చదివాక ఆ బంధువు సలహాను పూర్తిగా పక్కన పెట్టాము. ఇక మిగిలిన సందేహాలు ఇవి. పాత కారునే అమ్మాయికి ఉంచడం సరైనదేనా? భారం తగ్గించుకోవడానికి పాలసీలో ఏ భాగాన్ని తీసివేయవచ్చు, దేన్ని తాకకూడదు? విడి పాలసీ మంచిదా, మాతో కలిపిన పాలసీ మంచిదా?

పాత సర్వేయరు

ముందు కారు సంగతి. పాతదైనా పరవాలేదు, కానీ జారుతున్న కారును తనంతట తానే దారిలో నిలబెట్టే స్థిరత్వ నియంత్రణ అందులో ఉందా అని చూడండి. అమెరికాలో 2012 మోడల్ నుంచి, ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. మీ కారు అంతకన్నా పాతదై, అందులో అది లేకపోతే, కొత్తగా నడిపే పిల్లకు అది సరైన బండి కాదు. ప్రీమియం కోసం కాదు, ఆమె కోసం చెబుతున్నాను. ఇంజను శక్తి ఎక్కువగా ఉన్న కారు మాత్రం రెండు విధాలా వద్దు.

తీసివేయదగినది సొంత కారు నష్టానికి తీసుకునే భాగం. కారు విలువ బాగా తగ్గిపోయి, అది పోయినా మీరు తట్టుకోగలిగితే ఆ భాగానికి కట్టే డబ్బు దండగ. అది ఉంచుకోదలిస్తే, క్లెయిములో మొదట మన జేబులోంచి పెట్టుకోవలసిన మొత్తాన్ని పెంచండి, ప్రీమియం తగ్గుతుంది. ఆ మొత్తం మాత్రం ఎప్పుడూ బ్యాంకులో ఉండాలి.

తాకకూడనిది ఎదుటివారి నష్టానికి ఇచ్చే రక్షణ. చాలామంది ఖర్చు తగ్గించడానికి మొదట కత్తెర వేసేది దానికే, నేను చూసిన అతి పెద్ద పొరపాటు కూడా అదే. చట్టం అడిగే కనీస మొత్తం ఒక్కొక్కచోట చాలా తక్కువగా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఒక మనిషి గాయానికి ఉండవలసిన కనీస రక్షణ దశాబ్దాల పాటు 15 వేల డాలర్ల దగ్గరే ఉండి, 2025 జనవరి 1నుంచి 30 వేల డాలర్లు అయింది. పెద్ద గాయానికి అయ్యే ఆసుపత్రి ఖర్చుతో పోలిస్తే ఇది ఏ మూలకూ రాదు. పైగా అక్కడ మైనరు లైసెన్సు దరఖాస్తు మీద సంతకం చేసిన తల్లి గానీ తండ్రి గానీ ఆ పిల్లలు చేసిన నష్టానికి ఒక పరిమితి వరకు బాధ్యులవుతారు. అక్కడ మీ సంతకం ఉంటే, ఆ పరిమితి మేరకు మీ పొదుపు కూడా ఆ కారుతో పాటే రోడ్డు మీదికి వెళుతున్నట్టు లెక్క. కొత్త డ్రైవరు ఇంట్లో ఉన్న ఏడాదిలో ఈ రక్షణ పెంచుకోవాలే తప్ప తగ్గించుకోకూడదు.

లెక్కల బల్ల

మూడో ప్రశ్నకు నా జవాబు. సాధారణంగా తల్లిదండ్రుల పాలసీలో చేర్చడమే తక్కువలో పోతుంది, ఎందుకంటే మీ 18 ఏళ్ల మంచి చరిత్ర మీద, ఒకటికి మించిన కార్ల తగ్గింపు మీద ఆ రేటు నిలబడుతుంది. అయితే రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. అమ్మాయి వల్ల క్లెయిము వస్తే మీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము పెట్టనందుకు ఇచ్చే తగ్గింపు, ఎంత పోతుంది అనేది మొదటిది. మీ పాలసీలో ఉన్నంతకాలం ఆమె పేరు మీద మంచి చరిత్ర నమోదవుతుందా అనేది రెండోది. నమోదు కాకపోతే, 22వ ఏట సొంత పాలసీకి వెళ్లినప్పుడు ఆమె మళ్లీ మొదటినుంచి లెక్కలోకి వస్తుంది.

అడగకపోతే చాలా కంపెనీలు చెప్పని తగ్గింపులు కూడా ఉంటాయి. అమెరికాలో 25 ఏళ్ల లోపు విద్యార్థికి బి గ్రేడు సగటు ఉంటే మంచి విద్యార్థి తగ్గింపు ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. కారు ఇంట్లో వదిలి దూరంగా, తరచుగా 100 మైళ్లకు పైన, హాస్టలులో ఉండి చదివే పిల్లలకు మరొకటి ఉంటుంది. గుర్తింపు ఉన్న డ్రైవింగు శిక్షణ పత్రానికి కొన్నిచోట్ల తగ్గిస్తారు. ప్రతి ఏడాదీ పునరుద్ధరణకు మూడు వారాల ముందు కనీసం నాలుగు కంపెనీల రేట్లు, ఒకే రక్షణ మొత్తాలతో, పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లల రేటు విషయంలో కంపెనీకీ కంపెనీకీ ఉన్నంత తేడా పెద్దల రేటులో ఉండదు.

ఇద్దరు బిడ్డల తల్లి

ఇంకొక్క మాట. మా చిన్నదానికి లైసెన్సు వచ్చినప్పుడు పాలసీ కాగితాన్ని దాని ముందే పెట్టాను. పెరిగిన మొత్తాన్ని నెలకు ఎంత అవుతుందో దాని చేతనే భాగించించాను. అందులో నాలుగో వంతు సెలవుల్లో చేసే పని డబ్బులోంచి అది ఇస్తుంది. పిల్ల దగ్గర డబ్బు తీసుకుంటారా అని మా అత్తగారు బాధపడ్డారు. అన్నయ్య విషయంలో ఏం జరిగిందో దానికి తెలుసు, అందుకే అది ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.

వెన్నెలబాట

ఇవాళ పని పూర్తయింది. కారు పుస్తకం తీసి చూశాను, స్థిరత్వ నియంత్రణ ఉంది, కాబట్టి ఆ కారునే ఉంచాము. దానికి ప్రధాన డ్రైవరు అమ్మాయేనని కంపెనీకి స్పష్టంగా చెప్పాము. సొంత నష్టం భాగం తీసివేసి, ఎదుటివారి రక్షణను పెంచాము. నాలుగు కంపెనీలను అడిగితే ఇప్పుడున్నదానికన్నా ఇంకొకరి దగ్గర తక్కువ వచ్చింది. శిక్షణ పత్రానికి కొంత తగ్గింది. యాప్ షరతులు అమ్మాయే చదివి, మార్కులు తగ్గినా ప్రీమియం పెంచరని నిర్ధారించుకున్నాకే ఒప్పుకుంది. రెట్టింపు అనుకున్నది ఒకటిన్నర రెట్లకు దిగింది. అది ఇప్పటికీ బరువే, కానీ కట్టగలం.

పక్క సీటు మాస్టారు గారూ, మంగళవారం, శనివారం సాయంత్రాలు పక్క సీటు నాది అని ముగ్గురమూ ఒప్పుకున్నాము. నిన్న మొదటిసారి కూర్చున్నాను. మలుపు దగ్గర ఎదురుగా వస్తున్న బండికి దారి ఇచ్చి ఆగినప్పుడు, వెనకవాడు హారను కొట్టినా అమ్మాయి కదలలేదు.

పాలసీ పత్రం మెయిల్‌లో వచ్చింది. అమ్మాయి పేరులో ఒక అక్షరం తప్పు పడింది, పుట్టిన తేదీ సరిగానే ఉంది. దిద్దించాలా, పరవాలేదా?

పాత సర్వేయరు

ఇవాళే దిద్దించండి. లైసెన్సు మీద ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే ఉండాలి. సరిచేసిన పత్రం చేతికి వచ్చేదాకా వారికి పంపిన మెయిల్‌ను దాచి ఉంచండి.